ఫామ్ మీటరును ఎంతవరకు నమ్మాలి?

క్రికెట్ మేనేజ్‌మెంట్ గేముల్లో బ్యాటు పట్టేది మనం కాదు. తుది జట్టును ఎంచుకోవడం, బ్యాటింగ్ వరుస ఖరారు చెయ్యడం, ఎవరి చేతికి ఎప్పుడు బంతినివ్వాలో, ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలో తేల్చుకోవడం మన పని. మైదానంలో ప్రతి బంతికీ ఏం జరగాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఇలాంటి గేములు ఆడేవాళ్లను ఎప్పుడూ వేధించే ప్రశ్న ఒకటుంది. మంచి బ్యాటర్ వరసగా నాలుగైదు ఇన్నింగ్స్‌లో విఫలమయ్యాడు, పేరు పక్కన ఫామ్ గీత ఎర్రబడింది. బెంచి మీద కూర్చున్న కుర్రాడి గీత పచ్చగా ఉంది. రేపటి మ్యాచ్‌లో ఎవరిని ఆడించాలి?

గేములు తయారుచేసినవాళ్లు దీనికి ఒక జవాబిచ్చారు. గణాంక శాస్త్రజ్ఞులు మరొకటి ఇచ్చారు. నిజమైన క్రికెట్ ఇంకొన్ని ఇచ్చింది. మూడింటినీ కలిపి చూశాక నేను తేల్చుకున్నది ఇది: ఫామ్ ఉంది, కానీ మనం అనుకునేంత లేదు. మేనేజర్లు ఎక్కువగా దెబ్బతినేది ఫామ్‌ను పట్టించుకోక కాదు, అతిగా పట్టించుకుని. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా చూద్దాం.

మన బడుల్లో వెనక బెంచీల మీద ఆడిన బుక్ క్రికెట్‌లో సచిన్ పేరు రాసుకున్నా, పదకొండో నంబరు బౌలర్ పేరు రాసుకున్నా, పేజీ చివరి అంకె ఇద్దరికీ ఒకే న్యాయం చేసేది. అక్కడ నైపుణ్యం లేదు, ఫామ్ లేదు, ఉన్నదంతా అదృష్టమే. కంప్యూటర్ గేములు మొదట చేర్చింది నైపుణ్యాన్ని. 1998లో బ్రిటన్ నుంచి వచ్చిన ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్ ఈ కోవలో ప్రసిద్ధమైనది. చైల్డిష్ థింగ్స్ సంస్థ దాన్ని క్రికెట్ కెప్టెన్ పేరుతో ఇప్పటికీ కొత్తగా తెస్తూనే ఉంది. మరోవైపు 1997లో స్వీడన్‌లో మొదలైన హాట్రిక్ అనే ఆన్‌లైన్ ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ గేము ఒక దారి వేసింది. క్రికెట్‌లో బ్యాట్రిక్, ఫ్రమ్ ద పెవిలియన్ ఆ దారినే నడిచాయి. మన హైదరాబాద్‌లో పుట్టిన హిట్‌వికెట్ కూడా మొదట బ్రౌజర్‌లో ఆడే మేనేజ్‌మెంట్ గేముగానే వచ్చి, తరవాత మొబైల్‌కు మారింది. హిట్‌వికెట్ సూపర్‌స్టార్స్ 2020లో కేంద్ర ప్రభుత్వం జరిపిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ ఇన్నోవేషన్ ఛాలెంజ్‌లో గేముల విభాగంలో మొదటి స్థానం సాధించింది. అంటే ఈ చర్చ మనకు దూరపు విషయమేమీ కాదు.

గేము లోపల ఫామ్ ఎలా పుడుతుంది?

తెర మీద ఒకేలా కనిపించే ఫామ్ గీత వెనక గేమును బట్టి వేరువేరు యంత్రాంగాలు ఉంటాయి. ఏ యంత్రాంగమో తెలియకుండా నిర్ణయం తీసుకోవడం పిచ్ చూడకుండా టాస్ నిర్ణయం చెప్పడంతో సమానం.

అన్నిటికన్నా సరళమైనది అద్దం లాంటి ఫామ్. గత ఐదారు స్కోర్లను కూడి ఒక అంకెగా చూపిస్తుంది, అంతే. తరవాతి బంతి మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఇలాంటి గేములో ఫామ్‌ను చూసి జట్టు మార్చేవాడు జరిగిపోయిన అదృష్టానికి బహుమతులు పంచుతున్నట్టే.

రెండోది హాట్రిక్ పద్ధతి. అక్కడ ఫామ్ వారానికోసారి మారుతుంది. కనిపించే ఫామ్ వెనక కనిపించని మరో స్థాయి ఉంటుంది, కనిపించేది మెల్లగా దాని వైపు జరుగుతుంది. గోల్ కొట్టాడా లేదా అన్నదానికన్నా శిక్షణ, మ్యాచ్‌లో ఆడిన సమయం, కోచింగ్ సిబ్బంది లాంటివే దాన్ని నడిపిస్తాయి. ఫామ్ కోసమే ఒక సహాయక కోచ్‌ను పెట్టుకునే వీలు కూడా ఉంది. ఇక్కడ ఫామ్ నిజంగానే పనిచేస్తుంది, కానీ స్కోరు కార్డు చూసి దాన్ని ఊహించలేం. ఈ పద్ధతి వాడే క్రికెట్ గేములో సెంచరీ కొట్టినవాడి ఫామ్ మరుసటి వారం పడిపోవచ్చు. స్కోర్లను చూసే అలవాటున్న క్రికెట్ అభిమానికి ఇది అన్యాయంగా తోస్తుంది. నా దృష్టిలో మాత్రం ఈ పద్ధతి నిజాయితీ గలది. ఫలితాన్ని, కారణాన్ని ఇది కలగలపదు.

మూడోది ఫలితాన్నే కారణంగా మార్చేస్తుంది. బాగా ఆడితే ఫామ్ పెరుగుతుంది, ఫామ్ పెరిగితే బాగా ఆడే అవకాశం పెరుగుతుంది. అవుటైతే సరిగ్గా దీనికి వ్యతిరేకం. అభిమానులు మాట్లాడుకునే తీరుకు ఇదే దగ్గర కాబట్టి ఆడేటప్పుడు ఎక్కువ ఆనందం ఇచ్చేదీ ఇదే. కానీ ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. మామూలు దురదృష్టంతో వచ్చిన రెండు డకౌట్లు ఫామ్‌ను తగ్గిస్తాయి, తగ్గిన ఫామ్ మూడో వైఫల్యానికి దారితీస్తుంది. సగటు వైపు వెనక్కి లాగే శక్తిని డిజైనర్ చేర్చకపోతే, సీజన్ సగానికొచ్చేసరికి జట్టులో సగం మంది ఒక కొసన, మిగతా సగం మరో కొసన చేరతారు. నైపుణ్యానికి విలువ లేకుండా పోతుంది.

అందుకే చాలామంది డిజైనర్లు బరువు తూచే పద్ధతిని ఎంచుకుంటారు. పాత ఫామ్‌కు 80 శాతం, తాజా మ్యాచ్‌కు 20 శాతం బరువిచ్చి కలిపితే, మూడు మ్యాచ్‌లు గడిచేసరికి పాత అంకె బరువు సగానికి తగ్గుతుంది. ఈ ఆలోచన గేములకే పరిమితం కాదు. 1987లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ టెడ్ డెక్స్టర్ చొరవతో డెలాయిట్ రేటింగ్స్‌గా మొదలై, నేడు ఐసీసీ ర్యాంకింగులుగా మనం చూస్తున్నవి కూడా ఇటీవలి ప్రదర్శనకు ఎక్కువ బరువిచ్చే సగటులే. పైగా ఎవరి బౌలింగ్‌లో, ఎలాంటి మ్యాచ్‌లో చేసిన పరుగులన్నదీ వాటిలో కలుస్తుంది. టెస్టుకు దూరమైన ఆటగాడు తన పాయింట్లలో 1 శాతం కోల్పోతాడు. బలహీనమైన జట్టు మీద చేసిన 80కీ, బలమైన జట్టు మీద చేసిన 80కీ తేడా చూపని గేము ఆ రేటింగ్స్ 1987లోనే పరిష్కరించుకున్న ప్రశ్నను వదిలేసినట్టే.

బెంచి మీద ఉన్నవాళ్ల ఫామ్ సంగతి కూడా గమనించాలి. ఆడనివాడి ఫామ్‌ను మెల్లగా మధ్య స్థాయికి తెచ్చే గేములు ఉంటాయి. అప్పుడు కష్టమైన పిచ్ మీద పోరాడి 25 చేసినవాడి గీత కన్నా, నెల రోజులు ఊరికే కూర్చున్నవాడి గీత మెరుగ్గా కనిపిస్తుంది. కూర్చున్నవాడు ఏమీ సాధించలేదు, విఫలమయ్యే అవకాశం అతనికి రాలేదంతే. కొత్త మేనేజర్లు తరచూ పడే గుంత ఇదే.

యాదృచ్ఛికం చేసే మాయ

ఫామ్ అనేదే లేని లోకాన్ని ఒకసారి ఊహించండి. అందులో సగటు 40 ఉన్న బ్యాటర్ ఉన్నాడు. ప్రతి పరుగు దగ్గరా అతను అవుటయ్యే అవకాశం ఎప్పుడూ ఒక్కటే. నిన్నటి స్కోరుకు, నేటి స్కోరుకు సంబంధం లేదు. నాటౌట్లను పక్కన పెట్టి లెక్క వేస్తే, అతను 100 ఇన్నింగ్స్‌లో దాదాపు 22 సార్లు పది లోపు, 39 సార్లు ఇరవై లోపు అవుటవుతాడు. అర్ధసెంచరీ దాటేది 29 సార్లు, సెంచరీ చేసేది ఎనిమిది తొమ్మిది సార్లు మాత్రమే. వరసగా ఐదు ఇన్నింగ్స్‌లో ఒక్క అర్ధసెంచరీ కూడా చెయ్యకపోయే అవకాశం 18 శాతం. అలాంటి బ్యాటర్లు జట్టులో ఆరుగురు ఉన్నారనుకుంటే, వాళ్లలో కనీసం ఒక్కడైనా అర్ధసెంచరీ లేకుండా ఐదు ఇన్నింగ్స్ గడిపే అవకాశం దాదాపు 70 శాతం.

అంటే ఎవరి ఫామూ చెడిపోని లోకంలో కూడా మేనేజర్ కళ్లకు ఎవడో ఒకడు ఎప్పుడూ ఫామ్ కోల్పోయినట్టే కనిపిస్తాడు. బ్రాడ్‌మన్ సగటు 99.94. ఆయన 80 టెస్టు ఇన్నింగ్స్‌లో 38 సార్లు యాభై లోపే ఆగిపోయాడు, ఏడుసార్లు డకౌటయ్యాడు. బ్యాటింగ్ స్వభావమే అంత. ఫుట్‌బాల్ ఆటగాడు ఒక తప్పు చేసినా తొంభై నిమిషాలూ మైదానంలో ఉంటాడు. బ్యాటర్‌కు ఒక్క తప్పుతో ఆ రోజు ముగుస్తుంది.

ఈ లెక్క నాది మాత్రమే కాదు. బ్యాటింగ్ స్కోర్లు ఇంచుమించు గుణశ్రేఢిలో ఉంటాయని 1945లోనే జి.హెచ్.వుడ్ అనే గణాంకవేత్త చూపాడు. 1993లో కింబర్, హాన్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ పరీక్షించి, నాటౌట్లను సరిగా లెక్కించే దారి వేశారు. సున్నా స్కోర్లు ఆ శ్రేఢి చెప్పినదానికన్నా ఎక్కువగా వస్తాయన్నది ఈ పరిశోధనల్లో తేలిన ముఖ్యమైన విషయం. కారణం మనకు తెలిసిందే, క్రీజులో కుదురుకోకముందు ఎవరైనా బలహీనుడే. న్యూజిలాండ్‌కు చెందిన స్టీవెన్సన్, బ్రూవర్ 2017లో ఈ కుదురుకునే దశను టెస్టు బ్యాటర్లకు విడివిడిగా కొలిచారు. క్రికెట్ కెప్టెన్‌లో బ్యాటర్ ఎంత కుదురుకున్నాడో చూపే గీత ఉండటం, దాన్ని బట్టి దూకుడును పెంచే తగ్గించే వీలు ఉండటం నిజమైన ఆటకు చాలా దగ్గరగా ఉన్న ఏర్పాటు. నా అభిప్రాయంలో ఇన్నింగ్స్‌ల మధ్య ఫామ్ కన్నా, ఇన్నింగ్స్ లోపలి ఈ కుదురే ఎక్కువ బలమైన శక్తి. మేనేజర్లు దాని మీద పెట్టే ధ్యాస మాత్రం తక్కువ.

ఫామ్ మీద నేరుగా పరిశోధించినవాళ్లూ ఉన్నారు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్స్కీ బాస్కెట్‌బాల్ షాట్లను పరిశీలించి, ఆటగాడి చెయ్యి వేడెక్కడం అనేది మన భ్రమ అన్నారు. 2007లో దక్షిణాఫ్రికాకు చెందిన డర్బాక్, థియార్ట్ క్రికెట్ స్కోర్లను చూసి, ఎక్కువమంది బ్యాటర్ల స్కోర్ల వరుస యాదృచ్ఛిక వరుసకు భిన్నంగా లేదన్నారు. అయితే కథ అక్కడ ముగియలేదు. 1985 నాటి లెక్కలోనే ఒక లోపం ఉందని మిల్లర్, సన్హుర్హో కనిపెట్టారు. వాళ్ల వ్యాసం 2018లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చింది. నాణేన్ని మూడుసార్లు ఎగరేసి, బొమ్మ పడ్డాక మళ్లీ బొమ్మ పడిన నిష్పత్తిని ప్రతి వరుసలోనూ రాసుకుని సగటు తీస్తే సగం రాదు, 12లో 5 వంతులే వస్తుంది. చిన్న వరుసల్లో దాగి ఉన్న ఈ వాలును సరిచేస్తే, పాత సమాచారంలోనే వేడి చెయ్యి ఆనవాళ్లు కనిపించాయి. కాబట్టి ఫామ్ అంతా భ్రమ అని కొట్టిపారేయడమూ తప్పే.

మైదానం చెప్పే సాక్ష్యం

ఆస్ట్రేలియా కెప్టెన్ మార్క్ టేలర్ 1996–97లో 21 టెస్టు ఇన్నింగ్స్ పాటు ఒక్క అర్ధసెంచరీ కూడా చెయ్యలేకపోయాడు. సగటు 40 ఉన్నవాడికి కేవలం దురదృష్టం వల్ల ఇలా జరిగే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా ఉండదు. ఇది నిజమైన ఫామ్ లేమి. సెలెక్టర్లు ఓపిక పట్టారు. 1997 జూన్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో అతను 129 చేశాడు. విరాట్ కోహ్లీ 2019 నవంబరులో కోల్‌కతాలో సెంచరీ చేశాక, తరవాతి అంతర్జాతీయ సెంచరీకి 2022 సెప్టెంబరు 8 దాకా ఆగాల్సి వచ్చింది. టెస్టుల్లో అతని వార్షిక సగటు 2020లో 19.33, 2021లో 28.21, 2022లో 26.50. ఆ సెంచరీ వచ్చిన ఆసియా కప్‌కు ముందు నెల రోజులు బ్యాటు ముట్టుకోలేదని అతనే చెప్పాడు. విశ్రాంతి కూడా ఒక చికిత్సే అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయినా ఒక్క మాట. అట్టడుగున ఉన్నవాడు ఎలాగూ పైకి రావలసినవాడే. సగటుకు దూరంగా వెళ్లినవి సగటు వైపు తిరిగి వస్తాయని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే రాశాడు. ఆ తిరిగి రావడంలో విశ్రాంతి పాలెంత, మామూలుగా వచ్చేది ఎంత అన్నది ఒక్క ఉదాహరణతో విడదీయలేం. గేములో రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టి తిరిగి తెచ్చినవాడు బాగా ఆడినప్పుడు మన తెలివిని మనం మెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అదే కోహ్లీ 2014 ఇంగ్లండ్ పర్యటన వేరే కథ. పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులు, సగటు 13.40. ఇంగ్లండ్ పేసర్ అండర్సన్ అతణ్ని నాలుగుసార్లు అవుట్ చేశాడు. దాన్ని ఫామ్ లేమి అనడం నాకు ఒప్పుదల కాదు. ఆఫ్ స్టంప్ బయట పడి స్వింగయ్యే బంతిని ఆడటంలో ఒక లోపం ఉంది, బౌలర్లు దాన్ని పట్టుకున్నారు. లోపాన్ని దిద్దుకుని వెళ్లిన 2018 పర్యటనలో అతను ఐదు టెస్టుల్లో 593 పరుగులు చేశాడు. గేములో ఇలాంటివాడి ఫామ్ గీత ఎర్రబడితే, విశ్రాంతినివ్వడం వల్ల ఏమీ జరగదు. అవుటైన తీరు చూడాలి. అదే రకం బౌలర్‌కు, అదే చోట పడిన బంతికి పదేపదే వికెట్ ఇస్తున్నాడంటే శిక్షణను అటు మళ్లించాలి, లేదా ఆ ప్రత్యర్థి ముందు బ్యాటింగ్ వరుసలో కిందికి దించాలి.

సచిన్ 2004 జనవరిలో సిడ్నీ టెస్టుకు ముందు ఆ సిరీస్‌లో చేసింది ఐదు ఇన్నింగ్స్‌లో 82 పరుగులు. ఆఫ్ సైడ్ డ్రైవ్‌కు వెళ్లి వికెట్ ఇచ్చుకుంటున్నానని గుర్తించి, సిడ్నీలో కవర్ డ్రైవ్ జోలికే వెళ్లకుండా 241 నాటౌట్‌గా నిలిచాడు. మేనేజ్‌మెంట్ గేముల్లో మన చేతిలో ఉండే దూకుడు మీట సరిగ్గా ఇందుకే ఉంది. ఫామ్‌లో లేనివాణ్ని ఆడించాలనుకుంటే మొదటి ముప్ఫై బంతులు దూకుడును అట్టడుగున ఉంచండి. కుదురుకున్నాక పెంచండి. ఫామ్ తీసుకెళ్లినదానిలో కొంత ఈ ఓపిక తిరిగి ఇస్తుంది.

అయితే ఫామ్ మేనేజ్‌మెంట్‌లో నాకు అన్నిటికన్నా గొప్ప పాఠంగా తోచేది 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన టెస్టు. ఆస్ట్రేలియా 445 చేస్తే భారత్ 171కే కుప్పకూలింది. ఆ పతనంలో ఆరో స్థానంలో వచ్చిన మన హైదరాబాద్ బ్యాటర్ వీవీఎస్ లక్ష్మణ్ ఒక్కడే 59తో నిలబడ్డాడు. ఫాలోఆన్‌లో అతణ్ని మూడో స్థానానికి పంపారు. ఆ సిరీస్‌లో తడబడుతున్న రాహుల్ ద్రవిడ్‌ను మూడు నుంచి ఆరుకు దించారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. ఇద్దరి భాగస్వామ్యం 376. భారత్ 171 పరుగులతో గెలిచింది. ఇక్కడ గమనించాల్సింది లక్ష్మణ్ ప్రమోషన్ ఒక్కటే కాదు. ఫామ్‌లో లేని ద్రవిడ్‌ను జట్టులోంచి తీసెయ్యలేదు, చోటు మార్చారు. మ్యాచ్ మధ్యలో కాబట్టి తీసే వీలు లేదనవచ్చు. కానీ మేనేజర్ ముందు ఎప్పుడూ రెండే దారులు, ఉంచడం లేదా తీసెయ్యడం, అనుకునేవాళ్లు ఈ మూడో దారిని మర్చిపోతారు. గేములో బ్యాటింగ్ వరుస మార్చడానికి పైసా ఖర్చు లేదు. కొత్త బంతి పాతబడ్డాక, బౌలర్లు అలిసిపోయాక దిగే అవకాశం ఎర్ర గీత ఉన్నవాడికి ఇవ్వండి.

ఎంత తేడా ఉంటే మార్చాలి?

ఇప్పుడు అసలు నిర్ణయానికి వద్దాం. జట్టులో ఉన్నవాడి సగటు 40, బెంచి మీది కుర్రాడి సగటు 30. ఫామ్ బాగా లేకపోతే సగటును 10 శాతం తగ్గిస్తుంది, బాగుంటే 10 శాతం పెంచుతుంది అనుకుందాం. అట్టడుగు ఫామ్‌లో ఉన్న మొదటివాడు 36, ఆకాశాన్నంటే ఫామ్‌లో ఉన్న రెండోవాడు 33. అయినా మొదటివాడే మేలు. వీళ్లిద్దరి మధ్య ఫామ్ గెలవాలంటే దాని ప్రభావం 14 శాతం దాటాలి, అదీ ఇద్దరూ చెరో కొసన ఉంటే. బెంచి మీదివాడి సగటు 36 అయితే మాత్రం 5 శాతం పైన ఉన్నా చాలు, మార్పు న్యాయమే. అందుకే నైపుణ్యం దాదాపు సమానమైనప్పుడు ఫామ్‌ను తూకంగా వాడాలి. నైపుణ్యంలో స్పష్టమైన తేడా ఉన్నప్పుడు దాన్ని తలుచుకోకూడదు.

మరి మీ గేములో ఫామ్ ప్రభావం పది శాతమో ఇరవై శాతమో ఎలా తెలుస్తుంది? ఆడి చూస్తే తెలుస్తుందని చాలామంది నమ్మకం. బ్యాటింగ్ స్కోర్ల చెదురు ఎంత ఎక్కువంటే, సగటు 40 దగ్గర 4 పరుగుల తేడాను కాస్త నమ్మకంగా పట్టుకోవడానికి ఫామ్ ఉన్నప్పుడు 800 పైగా, లేనప్పుడు 800 పైగా ఇన్నింగ్స్ కావాలి. సచిన్ 200 టెస్టుల్లో ఆడిన ఇన్నింగ్స్ 329 మాత్రమే. ఆడేవాళ్ల మధ్య చలామణీ అయ్యే ఫామ్ సూత్రాల్లో చాలా వాటికి ఇంత ఆధారం ఉండదు. మ్యాచ్‌లను వేగంగా నడిపే సౌకర్యం ఉన్న గేములో ఒకే జట్టును పదేపదే ఆడించి, స్కోర్లన్నీ ఒక పట్టికలో రాసుకునే ఓపిక ఉంటే తప్ప గట్టిగా ఏమీ చెప్పలేం. ఆ ఓపిక ఉన్నవాళ్లు నిజంగా మిగతా అందరికీ మేలు చేస్తున్నారు.

స్కోరు కన్నా మెరుగైన సంకేతాలు మాత్రం ఉన్నాయి. ఎదుర్కొన్న బంతులు వాటిలో మొదటివి. 60 బంతులాడి 18 చేసి, మంచి బంతికి అవుటైనవాడికి, 4 బంతుల్లో 18 చేసి గాల్లోకి లేపినవాడికి పరుగుల లెక్కలో తేడా లేదు. టెస్టు మేనేజర్‌కు మాత్రం ఇద్దరూ వేరు. ప్రత్యర్థి బలం, పిచ్ స్వభావం, ఫార్మాట్ తరవాత చూడాలి. టీ20లో విఫలమయ్యాడని టెస్టు జట్టులోంచి తీసేవాడికి ఏ లెక్కా సాయం చెయ్యదు.

బౌలర్ల దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. టెస్టుకు సగటున 3 వికెట్లు తీసే బౌలర్, అదే స్థాయిలో వేస్తూనే, ఐదు టెస్టులకోసారి ఒక్క వికెట్‌తో గానీ ఉత్తి చేతులతో గానీ మిగలడం మామూలే. స్లిప్‌లో వదిలేసిన రెండు క్యాచ్‌లు అతని ఫామ్ గీతను ఎర్రబరిస్తే అది ఫీల్డర్ తప్పును బౌలర్ ఖాతాలో రాయడమే. ఐపీఎల్ తరహా సీజన్‌లో లీగ్ దశలో ఒక జట్టు ఆడేది 14 మ్యాచ్‌లు. సగటు 30 ఉన్న బ్యాటర్ ఆ 14లో 22 నుంచి 38 మధ్య ఎక్కడ ముగించినా, అది మూడింట రెండు వంతుల సార్లు జరిగే మామూలు సంగతి.

ఫామ్, అలసట, పాత్ర, ఈ మూడింటినీ ఒకే గీతలో కలిపేసే గేములంటే నాకు అభ్యంతరం. మహమ్మద్ సిరాజ్ కథ చూడండి. 2023 సెప్టెంబరు 17న ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే ముగించిన బౌలర్, 2025 ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులో లేడు. కొత్త బంతి చేతిలో లేనప్పుడు అతని ప్రభావం తగ్గుతోందన్నది అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ చెప్పిన కారణం. అది ఫామ్ గురించిన మాట కాదు, పాత్ర గురించిన మాట. అదే ఏడాది ఇంగ్లండ్‌లో బుమ్రాను పనిభారం దృష్ట్యా మూడు టెస్టులకే పరిమితం చేశారు. సిరాజ్ ఐదూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఆఖరి టెస్టు ఆఖరి రోజు ఓవల్‌లో భారత్ 6 పరుగులతో గెలిచినప్పుడు చివరి వికెట్ అతనిదే. అలసట లెక్క ఒకటి ఉంది, దాన్ని గౌరవించాలి. అది ప్రతి ఒంటికీ ఒకేలా పనిచెయ్యదని కూడా సిరాజ్ చూపించాడు. ఆటగాడికో దేహదారుఢ్యపు అంకె పెట్టి, దాన్ని ఫామ్ నుంచి విడిగా నడిపే గేములు ఈ విషయంలో సరైన దారిలో ఉన్నాయి.

ఆడేవాళ్లతో నా మాట ఇది. సీజన్ మొదట్లోనే నైపుణ్యాన్ని బట్టి పదకొండు మందిని రాసుకోండి. మార్పు చేసే ముందు పది ఇన్నింగ్స్ చూడండి, ఐదుతో ఆగకండి. ఆ పదిలోనూ అవుటైన తీరు ఒకేలా ఉందా, ఎదుర్కొన్న బంతులు తగ్గుతున్నాయా చూడండి. అప్పుడు కూడా ముందు చోటు మార్చండి, తరవాత దూకుడు తగ్గించండి, ఆపైన విశ్రాంతినివ్వండి. తీసెయ్యడం చివరి మెట్టు.

గేములు తయారుచేసేవాళ్లకు, ముఖ్యంగా హైదరాబాద్‌లో కూర్చుని కోట్లాది భారతీయ అభిమానుల కోసం కోడ్ రాస్తున్నవాళ్లకు, ఒక విన్నపం. ఫామ్ ప్రభావాన్ని నైపుణ్యం కన్నా చిన్నదిగానే ఉంచండి. అది ఎంతో ఆడేవాళ్లకు చెప్పండి. గీత రంగు ఒక్కటే చూపించి ఊరుకోకండి. ఆటగాడు ఎదుర్కొన్న బంతులు, అవుటైన తీరు, ప్రత్యర్థి బలం, వదిలేసిన క్యాచ్‌లు అదే తెర మీద పెట్టండి.